ప్రశ్నలు – జవాబులు: లిక్విడ్ ఆర్గాన్

వెల్డింగ్ షాపుల నుంచి, ఫార్మా ల్యాబుల నుంచి, కాలేజీల నుంచి ఆర్గాన్ మీద వచ్చిన ప్రశ్నల్ని ఈసారి ఒకచోట పెట్టాం. జవాబుల్లో పదే పదే వచ్చే అంకెలు ముందే చెబుతాం. మామూలు వాతావరణ పీడనంలో ద్రవ ఆర్గాన్ మైనస్ 185.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, మైనస్ 189.3 దగ్గర గడ్డకడుతుంది. అంటే ద్రవంగా ఉండేది మూడున్నర డిగ్రీల మేర మాత్రమే. లీటరు ద్రవం 1.4 కిలోలు తూగుతుంది. అది గది వేడికి వస్తే సుమారు 840 లీటర్ల గ్యాస్ అవుతుంది.

ప్రశ్న: మాది స్టెయిన్‌లెస్ స్టీల్ ఫాబ్రికేషన్. నాలుగు టిగ్ వెల్డింగ్ మెషిన్లు నడుస్తాయి. రోజుకు ఒక సిలిండర్, పని ఎక్కువున్న రోజు ఒకటిన్నర ఖర్చవుతుంది. సప్లయర్ డ్యూరా (ద్రవ ఆర్గాన్ నింపే, రెండు గోడల మధ్య వాక్యూమ్ ఉన్న పెద్ద సిలిండర్) తీసుకోమంటున్నాడు. వాడినా వాడకపోయినా ఆవిరైపోతుందని పక్క షాపువాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– షాపు యజమాని, బాలానగర్

జవాబు: మీ వాడకానికి డ్యూరా లాభమే. పక్క షాపువాళ్ల మాట అబద్ధం కాదు, కాకపోతే అది వారానికి రెండు సిలిండర్లు కూడా ఖాళీ చేయని షాపుకు వర్తిస్తుంది.

లెక్క చూడండి. 47 లీటర్ల మామూలు సిలిండర్‌లో 150 బార్ దగ్గర 7 క్యూబిక్ మీటర్ల గ్యాస్ ఉంటుంది. 180 లీటర్ల డ్యూరాలో సుమారు 230 కిలోల ద్రవం పడుతుంది. గ్యాస్‌గా అది 140 క్యూబిక్ మీటర్లు, అంటే ఇరవై సిలిండర్లు. వాక్యూమ్ ఎంత బాగున్నా బయటి వేడి కొంత లోపలికి దిగుతూనే ఉంటుంది కాబట్టి రోజుకు 1 నుంచి 2 శాతం ద్రవం మరుగుతుంది. ఒకటిన్నర శాతం అనుకుంటే రోజుకు మూడున్నర కిలోలు, సుమారు 2 క్యూబిక్ మీటర్లు. మీరు రోజూ వాడేది 7 పైనే. మరిగిన గ్యాస్ మీ టార్చ్‌లకే పోతుంది, వృథా ఏమీ ఉండదు. రోజుకు ఒక క్యూబిక్ మీటర్ మాత్రమే వాడే షాపులో మిగతా ఒకటీ సేఫ్టీ వాల్వ్ నుంచి బయటికి పోతుంది. దానికి కూడా డబ్బు కట్టేది ఆ షాపువాళ్లే.

మరిగిన గ్యాస్ ముందుగా లైన్లోకి వెళ్లేలా చూసేది ఎకనమైజర్ అనే చిన్న రెగ్యులేటర్. లోపలి ప్రెషర్ అది సెట్ చేసిన అంకె దాటితే, ద్రవం జోలికి వెళ్లకుండా పైన పేరుకున్న గ్యాస్‌నే వదులుతుంది. దాని సెట్టింగ్ తప్పితే ఒకపక్క మీరు ద్రవం వాడుతుంటారు, మరోపక్క సేఫ్టీ వాల్వ్ బుస్సుమంటుంది. షిఫ్ట్ నడుస్తుండగా బుస్సుమంటే సప్లయర్‌ని పిలవండి. సోమవారం పొద్దున్నే షాపు తీసేసరికి బుస్సుమంటుంటే కంగారు పడొద్దు, ఆదివారమంతా పేరుకున్న గ్యాస్ అది. ఆ వాల్వ్ సాధారణంగా 16 బార్ దగ్గర తెరుచుకుంటుంది. శబ్దం భరించలేక దానికి ప్లగ్ బిగించేవాళ్లు ఉన్నారు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి లేదు.

ద్రవాన్ని గ్యాస్‌గా మార్చే లోపలి కాయిల్ గంటకు 8, 9 క్యూబిక్ మీటర్ల వరకు గ్యాస్ ఇవ్వగలదు. మీ నాలుగు టార్చ్‌లూ ఒకేసారి నిమిషానికి 10 లీటర్ల చొప్పున లాగినా 2.4 దాటదు. విడిగా వేపరైజర్ అక్కర్లేదు.

తీసుకునేటప్పుడు పైన ఉన్న లెవెల్ గేజ్‌ని నమ్మొద్దు. అది ఫ్లోట్ ఆధారంగా పనిచేస్తుంది, అందాజు చెప్పడానికే పనికొస్తుంది. ప్లేట్ మీద ఖాళీ బరువు కొట్టి ఉంటుంది. కాటా మీద పెట్టి తూచి, తేడాకే డబ్బు కట్టండి. ఖాళీ డ్యూరా వెనక్కి పంపేటప్పుడు కూడా తూచండి. అడుగున పది కిలోలు మిగిలి ఉంటే, మీ డబ్బు అతని లారీ ఎక్కినట్టే.

మంచు విషయం. పైన వాల్వుల మీద, పైపు మీద, మెడ చుట్టూ మంచు పట్టడం మామూలే. పొట్ట భాగంలో బయటి షెల్ మీద మంచు గానీ చెమ్మ గానీ పట్టి, వాడకం ఆపాక కూడా అలాగే ఉంటే, లోపలి వాక్యూమ్ పోయిందన్నమాట. అది ఒక్క రోజు కూడా మీ దగ్గర ఉండకూడదు.

ప్రశ్న: మా క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ఐసీపీ యంత్రం (ఆర్గాన్ ప్లాస్మాతో నమూనాల్లోని మూలకాలను కొలిచేది) డ్యూరా మీద నడుస్తోంది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి ప్లాస్మా ఆరిపోతోంది. సర్వీస్ ఇంజనీరు యంత్రంలో లోపం లేదంటున్నాడు.
– ఎనలిస్ట్, జీడిమెట్ల

జవాబు: ఇంజనీరు చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఐసీపీ నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు తాగుతుంది, గంటకు సుమారు ఒక క్యూబిక్ మీటర్. పొద్దున మీరు చూసే ప్రెషర్ రాత్రంతా పేరుకున్నది. యంత్రం నడిచే కొద్దీ అది దిగి, యంత్రం అడిగే కనీస ప్రెషర్ కిందికి పోతే ఇంటర్‌లాక్ ప్లాస్మాను ఆర్పేస్తుంది.

తగ్గిన ప్రెషర్‌ని మళ్లీ పెంచే పని ప్రెషర్ బిల్డింగ్ వాల్వ్‌ది. అది తెరిస్తే అడుగు నుంచి ద్రవం బయటి గోడకు ఆనుకున్న కాయిల్‌లోకి దిగి, మరిగి, గ్యాస్‌గా పైకి చేరుతుంది. చాలా ల్యాబుల్లో అది మూసే ఉంటుంది. డ్యూరా మార్చిన సెక్యూరిటీ మనిషి ‘యూజ్’ అని రాసున్న వాల్వ్ ఒక్కటే తిప్పి వెళ్లిపోతాడు. ముందు అది చూడండి.

అది తెరిచే ఉంటే, డ్యూరా ఎప్పుడు వచ్చిందో అడగండి. లారీలో కుదుపులు తిన్న కొత్త డ్యూరాలో చల్లటి ద్రవం పైనున్న గ్యాస్‌తో కలిసి, గ్యాస్ మళ్లీ ద్రవంగా మారుతుంది, ప్రెషర్ కూలిపోతుంది. దించిన వెంటనే యంత్రానికి తగిలించకుండా, ప్రెషర్ బిల్డింగ్ వాల్వ్ తెరిచి ఒక రాత్రి ఉంచితే కుదుటపడుతుంది. ద్రవం పావు వంతు కన్నా తగ్గినా కాయిల్‌లోకి దిగే బలం తగ్గుతుంది. అందుకే రెండో డ్యూరాను చేంజోవర్ మానిఫోల్డ్‌తో (ఒకటి అయిపోతే రెండోదానికి మార్చే అమరిక) పక్కనే ఉంచుకోవడం మంచిది. మూడోది, గ్యాస్ రూము నుంచి ల్యాబు దాకా ముప్పై మీటర్లు పావు అంగుళం గొట్టం వేసి ఉంటే, డ్యూరా దగ్గర గేజ్ 7 బార్ చూపినా యంత్రం దగ్గరికి అంత రాదు. రెండో గేజ్ యంత్రం వెనకే పెట్టి, ప్లాస్మా వెలుగుతుండగా చూడండి. ఆగి ఉన్నప్పుడు చూసే ప్రెషర్‌తో లాభం లేదు.

ప్రశ్న: గాలిలో దాదాపు ఒక శాతం ఆర్గానే కదా. మరి నైట్రోజన్ కన్నా ఇంత ఖరీదెందుకు? దాన్ని ఎలా వేరు చేస్తారు?
– కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థిని, సికింద్రాబాద్

జవాబు: ఖరీదంతా ఆర్గాన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఉన్న మూడు డిగ్రీల లోపు తేడాలో ఉందమ్మా. నైట్రోజన్ మైనస్ 195.8 దగ్గర మరుగుతుంది, ఆర్గాన్ మైనస్ 185.8 దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర. నైట్రోజన్‌ని వదిలించుకోవడం తేలిక. ఆక్సిజన్ మాత్రం ఆర్గాన్‌ని వదలదు.

గాలిని 6 బార్ దాకా నొక్కి, మాలిక్యులర్ సీవ్ గుండా పంపి, తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ తీసేస్తారు. తీయకపోతే అవి గడ్డకట్టి హీట్ ఎక్స్ఛేంజర్ దారులు మూసేస్తాయి. తర్వాత గాలిని దాదాపు ద్రవమయ్యేంత చల్లబరిచి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన రెండు కాలమ్‌లలోకి (ద్రవం కిందికి దిగుతూ, ఆవిరి పైకి ఎక్కుతూ వేరుపడే పొడవాటి స్తంభాలు) పంపుతారు. కింది కాలమ్ ఐదారు బార్ల మీద, పైది వాతావరణం కన్నా కొద్దిగా ఎక్కువ పీడనం మీద నడుస్తాయి. పై కాలమ్ తలదగ్గర నైట్రోజన్, అడుగున ఆక్సిజన్ చేరతాయి. రెండింటికీ మధ్యస్థంగా మరిగే ఆర్గాన్ ఎటూ పోలేక నడుము దగ్గర పేరుకుంటుంది. అక్కడ ఆర్గాన్ 10 నుంచి 12 శాతం ఉంటుంది, మిగతాదంతా దాదాపు ఆక్సిజనే. ఆ ఆవిరిని పక్కకు తీసి క్రూడ్ ఆర్గాన్ కాలమ్‌లోకి పంపుతారు.

అసలు కష్టం ఇక్కడే. పాత ప్లాంట్లలో ఈ కాలమ్‌లో ట్రేలు (ద్రవమూ ఆవిరీ కలిసే చిల్లుల పళ్లేలు) ఉండేవి. ప్రతి ట్రే దగ్గరా కొంత ప్రెషర్ పోతుంది. మొదట్లో ఉన్నదే ఒకటీ ముప్పావు బార్ కూడా కాదు కాబట్టి, కొన్ని పదుల ట్రేలు దాటితే పైన ప్రెషర్ మిగలదు. అందుకే అప్పట్లో 2, 3 శాతం ఆక్సిజన్ మిగిలిన క్రూడ్ ఆర్గాన్‌నే తీసుకుని, హైడ్రోజన్ కలిపి పల్లాడియం కెటలిస్ట్ మీద ఆ ఆక్సిజన్‌ని నీరుగా మార్చి, మళ్లీ ఆరబెట్టి, మళ్లీ చల్లబరిచేవాళ్లు. ముడతలు పెట్టిన పల్చటి లోహపు రేకులతో చేసిన స్ట్రక్చర్డ్ ప్యాకింగ్ వచ్చాక కథ మారింది. దాంట్లో పోయే ప్రెషర్ చాలా తక్కువ. 150కి పైగా థియరిటికల్ స్టేజ్‌లు (లెక్కలో వేరుపరిచే మెట్లు) పెట్టి, హైడ్రోజన్ అవసరం లేకుండానే ఆక్సిజన్‌ని ఒకటి రెండు పీపీఎంకు (పది లక్షల్లో ఒకటి రెండు వంతులకు) దించగలుగుతున్నారు. కాలమ్ మరీ పొడవైపోతుందని తరచు రెండు ముక్కలుగా పక్కపక్కన నిలబెడతారు. మిగిలిన కాస్త నైట్రోజన్‌ని చివర ఇంకో చిన్న కాలమ్ తీసేస్తుంది.

ఆపరేటర్‌కి నిద్ర పట్టనివ్వనిది నైట్రోజనే. నడుము దగ్గర తీసే ఆవిరిలో నైట్రోజన్ కొంచెం పెరిగినా అది క్రూడ్ కాలమ్ పైకి చేరి కండెన్సర్‌లో తిష్ట వేస్తుంది. ఆ కండెన్సర్‌లో రెండు పక్కలా ఉండే ఉష్ణోగ్రత తేడా ఒకటి రెండు డిగ్రీలే. నైట్రోజన్ చేరిన ఆవిరి ద్రవం కావాలంటే ఇంకా చల్లదనం కావాలి, అది అక్కడ లేదు. కండెన్సేషన్ ఆగుతుంది, కిందనుంచి ఆవిరి లాగడం ఆగుతుంది, ప్యాకింగ్ మీదున్న ద్రవమంతా ఒక్కసారిగా పై కాలమ్‌లోకి దిగుతుంది. ఆర్గాన్ పోవడమే కాదు, ఆక్సిజన్ నాణ్యత కూడా దెబ్బతింటుంది. మళ్లీ దారిలో పెట్టడానికి గంటలు పడుతుంది. పై కాలమ్‌లో నైట్రోజన్ బాగా కిందికి దిగకుండా, ఆక్సిజన్ బాగా పైకి ఎక్కకుండా కాపాడుకోవడమే ఆర్గాన్ ఆపరేటర్ పనితనం.

బరువు లెక్కలో గాలిలో ఆర్గాన్ 1.29 శాతం. ప్లాంటు 85 శాతం పట్టుకోగలిగితే, ఒక టన్ను ఆర్గాన్‌కు 90 టన్నుల గాలి నొక్కాలి. ఆ గాలిని ఆర్గాన్ ఒక్కదాని కోసమే ఎవరూ నొక్కరు, ఉక్కు కర్మాగారాలకు కావలసిన ఆక్సిజన్‌తో పాటే ఇది వస్తుంది. కాబట్టి ఆక్సిజన్ గిరాకీ, ప్లాంట్ల షట్‌డౌన్‌లు ఆర్గాన్ సరఫరాను శాసిస్తాయి. 2021 కోవిడ్ రెండో వేవ్‌లో ఆస్పత్రుల ఆక్సిజన్ కోసం దేశంలో ఆర్గాన్, నైట్రోజన్ ట్యాంకర్లను మార్చి వాడాల్సి వచ్చింది.

ప్రశ్న: ఆర్గాన్ సిలిండర్ రంగు ఏది?
– ఐటీఐ విద్యార్థి, ఉప్పల్

జవాబు: మన దేశంలో నీలం. ఆక్సిజన్ నలుపు, హైడ్రోజన్ ఎరుపు. కానీ రంగు చూసి గ్యాస్ తగిలించొద్దు. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్ కూడా నీలమే. లేబుల్ చదవండి.

ప్రశ్న: టైటానియం పైపు వెల్డ్ చేస్తే బీడ్ (అతుకు గీత) నీలంగా, ఒక్కోసారి బూడిద రంగులో వస్తోంది. 99.999 శాతం ఆర్గానే కొంటున్నాం. సిలిండర్ మార్చినా అంతే. వానాకాలంలో మరీ ఎక్కువ.
– వెల్డర్, చర్లపల్లి

జవాబు: వానాకాలంలో ఎక్కువైందన్న మాటలోనే సగం జవాబుంది. గ్యాస్ శుభ్రంగానే వస్తోంది, దారిలో పాడవుతోంది. ముందు టార్చ్‌కి వెళ్లే గొట్టం చూడండి. మామూలు నల్ల రబ్బరు గొట్టమైతే తీసేయండి. లోపల ప్రెషర్ ఉన్నప్పుడు బయటి తేమ ఎలా దూరుతుందని చాలామంది వాదిస్తారు. రబ్బరు తేమను పీల్చుకుంటుంది. బయటి గాలిలో నీటి ఆవిరి పాతిక మిల్లీబార్లు ఉంటే లోపల దాదాపు సున్నా. ఆర్గాన్ ప్రెషర్ ఎంతున్నా, నీటి ఆవిరి మాత్రం తనకు ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికే పోతుంది. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గొట్టం గానీ స్టెయిన్‌లెస్ పైపు గానీ వేయండి. రాత్రంతా ఖాళీగా ఉన్న లైన్‌ని పొద్దున ఐదు నిమిషాలు గ్యాస్‌తో కడిగాకే ఆర్క్ కొట్టండి.

రెండోది, ఫ్లో. రంగు వస్తోందని ఫ్లోమీటర్ 25 లీటర్లకు పెంచుతుంటారు. టార్చ్ కొసనుండే చిన్న కప్పులో అంత వేగంగా పోతే గ్యాస్ సుడి తిరిగి చుట్టూ ఉన్న గాలిని తనే లోపలికి లాగుతుంది. గ్యాస్ లెన్స్ (గ్యాస్‌ను సుడి లేకుండా పోనిచ్చే జాలీ), పెద్ద కప్పు పెట్టి 10–12 లీటర్లు వదిలితే అంతకన్నా మంచి రక్షణ వస్తుంది. షాపులో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే మాత్రం ఏ అంకె పెట్టినా ప్రయోజనం లేదు.

మూడోది, టైటానియంకు టార్చ్ గ్యాస్ ఒక్కటే చాలదు. బీడ్ వెనకాల వచ్చే లోహం సుమారు 400 డిగ్రీలకు దిగేదాకా గాలి తగలకూడదు. టార్చ్ వెనక ట్రెయిలింగ్ షీల్డ్ (వెనకే వస్తూ వేడి బీడ్ మీద ఆర్గాన్ కప్పేది) కట్టాలి, పైపు లోపల పర్జ్ చేయాలి (గాలిని ఆర్గాన్‌తో వెళ్లగొట్టాలి). ఆర్గాన్ గాలి కన్నా 38 శాతం బరువు కాబట్టి కింది నుంచి వదలండి, పై రంధ్రం నుంచి గాలి పోనివ్వండి. రెండంగుళాల పైపు మీటరు పొడవులో రెండు లీటర్లే పడుతుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున రెండు నిమిషాలు వదిలితే పది రెట్లు మారినట్టు. ఆర్క్ ఆపాక ఇరవై, ముప్పై సెకన్లు టార్చ్ కదపకుండా గ్యాస్ పోనివ్వండి. ఫిల్లర్ రాడ్ (అతుకులో కరిగించే తీగ) కొసను గ్యాస్‌లోంచి బయటికి తీశారా, దాన్ని కత్తిరించాకే మళ్లీ వాడాలి.

ఏ మార్పుతో బాగుపడిందో తెలియాలంటే, ముక్క రేకు మీద ఫిల్లర్ లేకుండా ఒక చుక్క కరిగించి, టార్చ్ కదపకుండా చల్లారనిచ్చి చూడండి. వెండిలా మెరిస్తే లైను బాగుంది, తప్పు ట్రెయిలింగ్ షీల్డ్‌లోనో పర్జ్‌లోనో ఉంది. చుక్కే నీలమైతే గొట్టం, జాయింట్లు, టార్చ్ ఓ-రింగ్ వెతకాలి. లేత గడ్డి రంగు వరకు సాధారణంగా ఒప్పుకుంటారు. బూడిద రంగు, తెల్లటి పొడి వస్తే ఆ బీడ్‌ను కోసి పారేయాల్సిందే. పైపైన బ్రష్ కొట్టి మెరిపించి పంపితే అది మోసం, పెళుసుదనం లోపలే ఉండిపోతుంది.

ప్రశ్న: ష్లెంక్ లైన్ (వాక్యూమ్, ఆర్గాన్ మార్చి మార్చి ఇచ్చే గాజు గొట్టాల అమరిక) మీద ఆర్గాన్ కింద రియాక్షన్ చేశాను. లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచిన ట్రాప్‌లో (పంపుకు ముందు ఆవిర్లను గడ్డకట్టించి పట్టే గాజు పాత్ర) తెల్లటి గడ్డలాంటిది చేరింది. సాల్వెంట్ అంత వాడలేదు. ఏమై ఉంటుంది?
– రీసెర్చ్ స్కాలర్, తార్నాక

జవాబు: ఆర్గానే. లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 195.8 దగ్గర ఉంటుంది, ఆర్గాన్ మైనస్ 189.3కే గడ్డకడుతుంది. వాల్వ్ పొరపాటున తెరిచి ఉంటే లైన్లోని ఆర్గాన్ గంటల తరబడి నిశ్శబ్దంగా ట్రాప్‌లో పేరుకుంటుంది. 20 మిల్లీలీటర్ల ద్రవానికి సరిపడా చేరితే, గది వేడికి పదహారు, పదిహేడు లీటర్ల గ్యాస్. మూసిన గాజు ట్రాప్ కింది నుంచి నైట్రోజన్ ఫ్లాస్క్ దించేశారంటే అది బాంబే.

గమనించినప్పుడు ఫ్లాస్క్ దించొద్దు. ఆర్గాన్ వచ్చే వాల్వ్ మూసేయండి. పంపు నడవనివ్వండి, ట్రాప్‌ను ఎక్కడా బిగించి మూయొద్దు. ఫ్యూమ్ హుడ్ తలుపు దించి, నైట్రోజన్ దానంతట అదే తగ్గుతూ ట్రాప్ మెల్లగా వేడెక్కేలా వదిలి, అందర్నీ దూరంగా ఉండమనండి. గడ్డ తెల్లగా కాకుండా లేత నీలం ద్రవం కనిపిస్తే అది ఆక్సిజన్, ఎక్కడో గాలి లీకవుతోంది. దాని కింద సాల్వెంట్ ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. గది ఖాళీ చేసి, సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పండి. ఇకమీదట ఆర్గాన్ లైన్‌కు వీలైనచోట డ్రై ఐస్–ఎసిటోన్ ట్రాప్ వాడండి, మైనస్ 78 దగ్గర ఆర్గాన్ చేరదు.

పనిలో పనిగా ఒక మాట. లిక్విడ్ నైట్రోజన్ పోయే ఉత్త పైపు మీద గాలి ద్రవమై చుక్కలుగా కారుతుంది, ఆ చుక్కల్లో ఆక్సిజన్ ఎక్కువ. మామూలు పీడనంలో ఉన్న ద్రవ ఆర్గాన్ పైపు మీద అలా జరగదు, గాలి ద్రవమయ్యేంత చల్లదనం దానికి లేదు. కింద కారేది మంచు కరిగిన నీళ్లే.

ప్రశ్న: మా బిల్డింగ్‌లో జాగా లేదు. డ్యూరాను సెల్లార్‌లో పెట్టొచ్చా? ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది.
– చిన్న పరిశ్రమ యజమాని, నాచారం

జవాబు: వద్దు. ఫ్యాన్ పైన గోడకు ఉంటుంది, ఆర్గాన్ నేలకు అంటుకుని ఉంటుంది. అప్పుడే మరిగిన చల్లటి ఆర్గాన్ మామూలు గాలి కన్నా నాలుగైదు రెట్లు బరువు. మెట్ల మీంచి కిందికి పారి, గుంటల్లో, లిఫ్ట్ పిట్‌లో నిలబడుతుంది. 6 మీటర్లు, 5 మీటర్లు, ఎత్తు 3 మీటర్లున్న సెల్లార్‌లో డ్యూరాలో పావు వంతు ఒలికినా, గాలితో బాగా కలిసిపోయిందనుకున్నా ఆక్సిజన్ 20.9 నుంచి 14 శాతానికి పడుతుంది. కలవకపోతే నేల దగ్గర దాదాపు ఏమీ మిగలదు. కరెంటు పోతే ఆ ఫ్యాన్ కూడా తిరగదు. వానకు సెల్లార్ నిండే మన ఊళ్లో అది వేరే తలనొప్పి.

ఆర్గాన్‌కు రంగు, వాసన లేవు. ఊపిరాడట్లేదన్న బాధ మనకు కలిగేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. ఆర్గాన్‌లో ఊపిరి తీసి వదులుతూనే ఉంటాం కాబట్టి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది, ఏ బాధా తెలియదు. ఆక్సిజన్ బాగా తక్కువుంటే ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కూలిపోతాడు. పడినవాణ్ని లాగుదామని దిగినవాడు అతని మీదే పడతాడు. తెల్లటి పొగ కనిపిస్తే జాగ్రత్తపడొచ్చులే అనుకోవద్దు. ఆ పొగ గాలిలోని తేమ. గ్యాస్ వేడెక్కాక పొగ మాయమవుతుంది, ఆర్గాన్ అక్కడే ఉంటుంది.

బయట, నీడలో, గ్రిల్ గేటు వేసి పెట్టండి. లోపల పెట్టక తప్పకపోతే నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో ఆక్సిజన్ మీటర్, 19.5 శాతానికి అలారం, దాని శబ్దం గది బయటికి వినబడేలా. సేఫ్టీ వాల్వ్ నుంచి గొట్టం వేసి బయటికి తీసుకెళ్లండి. ఎగ్జాస్ట్ గాలిని పీల్చే రంధ్రం నేల దగ్గరే ఉండాలి. మీటర్‌లోని సెన్సర్‌కి ఆయుష్షు ఉంటుంది, తేదీ చూసి మార్పించండి. పచ్చ లైటు వెలుగుతోంది కదా అని నాలుగేళ్లు వదిలేస్తే మీటర్ లేనట్టే.

ద్రవం పోయే పైపులో రెండు వాల్వుల మధ్య ద్రవం చిక్కుకునే ప్రతి ముక్కకూ విడిగా రిలీఫ్ వాల్వ్ ఉండాలి. రెండు పక్కలా మూస్తే మధ్యలో ఉన్నది వేడెక్కి పైపునే చీలుస్తుంది. మామూలు ఇనుప పైపు ఆ చలికి పెళుసెక్కి గాజులా విరుగుతుంది, స్టెయిన్‌లెస్ 304, రాగి, ఇత్తడి మాత్రమే వాడండి.

ప్రశ్న: ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురు ఎంట్రీకి పొగ వేస్తాం. నైట్రోజన్ దొరకనప్పుడు లిక్విడ్ ఆర్గాన్ పోస్తే పనవుతుందా?
– ఈవెంట్ మేనేజర్, కొంపల్లి

జవాబు: పొగ వస్తుంది. ఆ పొగలో ఆడుకునేది మూడడుగుల ఎత్తున్న పిల్లలు, గ్యాస్ నిలబడేది కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే. నైట్రోజన్ కన్నా ఖరీదు, దానికన్నా బరువు, పైగా వేడెక్కాక కూడా పైకి లేవదు. చేయకండి. మూసిన ఏసీ హాల్లో నైట్రోజన్ పోయడమూ మాకు ఇష్టం లేని పనే.

ప్రశ్న: గాలిలోకి ఇంత ఆర్గాన్ ఎక్కడి నుంచి వచ్చింది?
– పదో తరగతి విద్యార్థి, మల్కాజిగిరి

జవాబు: రాళ్లలోంచి. రాళ్లలోని పొటాషియంలో కొద్ది భాగం పొటాషియం–40. అది 125 కోట్ల ఏళ్లకు సగమయ్యే వేగంతో క్షీణిస్తుంది. పదిలో ఒక వంతు ఆర్గాన్–40గా, మిగతాది కాల్షియంగా మారుతుంది. గాలిలోని ఆర్గాన్‌లో 99.6 శాతం ఇలా పుట్టిందే. మన దక్కన్ గ్రానైట్లలోని గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్‌లో పొటాషియం ఉంటుంది, కాబట్టి బంజారాహిల్స్ బండల్లో ఇప్పటికీ ఆ పని జరుగుతూనే ఉంది.

ప్రశ్న: న్యూట్రినోలను (దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే సూక్ష్మ కణాలు) పట్టడానికి వేల టన్నుల ద్రవ ఆర్గాన్ వాడతారని చదివాను. దేనితోనూ కలవని పదార్థం వాటిని ఎలా పడుతుంది?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: దేనితోనూ కలవకపోవడమే అక్కడ పనికొచ్చే గుణం మాస్టారూ. న్యూట్రినో ఎప్పుడో ఒకసారి ఆర్గాన్ కేంద్రకాన్ని తాకితే, అందులోంచి ఎగిరిన కణాలు దారి పొడవునా ఆర్గాన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఒక్క మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తికి సుమారు 42,000 ఎలక్ట్రాన్లు. వాటిని ఆర్గాన్ తిరిగి పట్టుకోదు కాబట్టి, విద్యుత్ క్షేత్రం పెడితే మీటర్ల దూరం ప్రయాణించి తీగల దాకా వస్తాయి. సెంటీమీటరుకు 500 వోల్టులు పెడితే వేగం మైక్రోసెకనుకు 1.6 మిల్లీమీటర్లు. ఏ తీగకు ఎప్పుడు తగిలాయో చూసి కణం దారిని మూడు కొలతల్లో గీస్తారు. ఎప్పుడు బయల్దేరాయో చెప్పేది ఆర్గాన్ అదే క్షణంలో వెదజల్లే 128 నానోమీటర్ల అతినీలలోహిత మెరుపు.

ఈ ఆలోచన 1977లో కార్లో రుబ్బియా ప్రతిపాదించినది. అమెరికాలోని సౌత్ డకోటాలో దాదాపు కిలోమీటరున్నర లోతున కడుతున్న డ్యూన్ ప్రయోగంలో ఒక్కో మాడ్యూల్‌కు 17,000 టన్నుల ద్రవ ఆర్గాన్ పడుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఈ ప్రయోగంలో భాగస్వాములు. అక్కడి కష్టం కూడా చర్లపల్లి వెల్డర్‌ది లాంటిదే. ఆక్సిజన్ అణువు దారిలో తగిలితే ఎలక్ట్రాన్‌ని మింగేస్తుంది. వెల్డింగ్‌కు ఆక్సిజన్ పీపీఎంలలో ఉన్నా ఫరవాలేదు, వాళ్లకు వంద కోట్లలో ఒక వంతులో పదో వంతు కన్నా తక్కువ కావాలి. అందుకే ద్రవాన్ని ఆపకుండా రాగి ఫిల్టర్ల గుండా తిప్పుతూనే ఉంటారు.

ప్రశ్న: మా ల్యాబు మూడో అంతస్తులో ఉంది. డ్యూరాను లిఫ్టులో తీసుకెళ్లొచ్చా?
– స్టోర్స్ ఇంచార్జ్, పటాన్‌చెరు

జవాబు: తీసుకెళ్లొచ్చు, మనిషి మాత్రం దాంతో ఎక్కకూడదు. నిండిన డ్యూరా 350 కిలోల దాకా ఉంటుంది. ముందు లిఫ్టు మోయగలదో లేదో చూడండి. ట్రాలీకి గొలుసుతో కట్టి నిలువుగానే లోపల పెట్టండి, పడుకోబెట్టొద్దు. ‘ఎక్కవద్దు’ అన్న బోర్డు లోపల తగిలించి, మూడో అంతస్తులో ఒకరు, మధ్య అంతస్తుల్లో ఒక్కొక్కరు నిలబడ్డాకే బటన్ నొక్కి బయటికి రండి. మధ్యలో కరెంటు పోయి లిఫ్టు ఆగితే ఆగనివ్వండి. తలుపు తీశాక లోపలికి వెంటనే అడుగు పెట్టకుండా ఆక్సిజన్ మీటర్ ముందు పెట్టి చూసి, అప్పుడు ట్రాలీ లాగండి.